డిట్లెవ్ మోన్రాడు: ధర్మాధ్యక్షుఁడు, ప్రధానమంత్రి

ఉత్తరయూరపుదేశములలో లూథరుమతము రాజమతమైన పిదప, మతాధికారమునకును రాజ్యాధికారమునకును నడుమ నుండవలసిన హద్దు స్పష్టముగా నేర్పడలేదు. స్వీడనుదేశమున 1866 వ సంవత్సరమువఱకు రాజ్యసభలో మతాచార్యుల కొక ప్రత్యేకశాఖయే యుండెను. బిషప్పులు తమ పదవినిబట్టియే యందు సభ్యులు. కవియు గ్రీకుభాషాపండితుఁడు నైన ఎసయాస్ టెగ్నేరు వెక్షో మండలమునకు బిషప్పై యట్లే యా సభలోఁ గూర్చుండెను. ఇట్టివారి చరిత్రములు పెక్కులు గలవు. కాని బిషప్పుపదవినుండి తొలఁగింపఁబడి, దేశమునకుఁ బ్రధానమంత్రియై, యుద్ధమున నోడి, భూగోళమున కావలితట్టున నున్న యడవిలో నాఁగలిపట్టి, మరల స్వదేశమునకు వచ్చి పూర్వపు బిషప్పుపీఠమునే యధిష్ఠించిన పురుషుఁడు మిక్కిలి యరుదు. డెన్మార్కుదేశీయుఁడగు డిట్లెవ్ గోథార్డ్ మోన్రాడు (1811–1887) అట్టివాఁడు. ఇతని చరిత్రమును సంగ్రహముగాఁ దెలుపుటయు, దానినుండి పుట్టు నొక ప్రశ్నను విచారించుటయు నీ వ్యాసమునకుఁ బ్రయోజనము. ధర్మరక్షణమునకుఁ బూనినవాఁడు రాజ్యభారమును వహింపఁదగునా? వహించి యోడెనేని, ఆ యోటమి యాతని పూర్వకార్యములనుగూడ మాపివేయునా? ఇదియే యా ప్రశ్న.

పదవిచారము

ముందుగా ‘బిషప్పు’ అను పదముయొక్క యర్థమును దెలియుట మంచిది. డేనిషుభాషలో దీనిని ‘బిస్కొప్’ అందురు. ఇది గ్రీకుభాషలోని ‘ఎపిస్కొపొస్’ అను పదమునకు వికృతి. ‘ఎపి’ యనఁగా మీఁద. ‘స్కొపొస్’ అనఁగాఁ జూచువాఁడు. ఇందలి ధాతువును, చూచుట యను నర్థముగల సంస్కృతపు స్పశ్ ధాతువును ఒక్కటియే యనియు, గ్రీకునందు హల్లులు తాఱుమాఱైనవనియు భాషాశాస్త్రవేత్తల మతము. వేగులవానికి ‘స్పశుఁ’ డను పేరు మన నిఘంటువులలోను గలదు. తెనుఁగు బైబిలుకర్తలు ఈ పదమును ‘అధ్యక్షుఁడు’ అని తెనిఁగించిరి. ఆ తెనుఁగు మిగుల నుచితము. కాని కౌటిల్యుని యర్థశాస్త్రమున ‘అధ్యక్షప్రచార’ మను నధికరణమునఁ జెప్పఁబడిన సువర్ణాధ్యక్షుఁడు, సీతాధ్యక్షుఁడు మొదలగువా రందఱు రాజోద్యోగులు. అనఁగా మనభాషలో రాజ్యమునకుఁ జెందిన పదము మతమునకు వచ్చినది. డెన్మార్కులో మతమునకుఁ జెందిన పురుషుఁడు రాజ్యమునకు వచ్చినాఁడు.

దేశస్థితి

డెన్మార్కుదేశము 1536 లో లూథరుమతమును స్వీకరించెను. అది మొదలు బిషప్పులను నియమించువాఁడు రాజు. 1660 లో రాజు నిరంకుశుఁ డయ్యెను. 1665 నాఁటి రాజశాసనముచే నా నిరంకుశత్వమునకుఁ బ్రమాణము గలిగెను. ఈ స్థితి 1848 వఱకు నిలిచెను.

ఈ రాజ్యమునకు మనదేశముతోఁ గొంత సంబంధము గలదు. తమిళదేశమందలి తరంగంబాడి 1620 మొదలు 1845 వఱకు డేనులయధీనమున నుండెను. 1706 లో డెన్మార్కురాజు పంపఁగా జీగెన్బాల్గు మొదలగువా రచటికి వచ్చి లూథరుమతమును బోధించిరి. ఆ పరంపరలోని బెంజమిన్ షుల్జు చెన్నపట్టణమునకుఁ బోయి తెనుఁగు నేర్చి, 1728 లోఁ దెనుఁగువ్యాకరణ మొకటి లాటినుభాషలో రచించెను. జర్మనీలోని హాలేనగరమున 1746–47 సంవత్సరములలో నచ్చుపడిన యీతని తెనుఁగుపుస్తకములు మన ముద్రణచరిత్రమున నాదిదశకుఁ జెందినవి. కావున డేనుల మతచరిత్రము తెనుఁగువారికిఁ గేవలము పరాయిది కాదు.

ఇఁక డెన్మార్కునకు దక్షిణమున శ్లేస్విగు, హోల్‌స్టెయిను, లావెన్‌బుర్గు అను మూఁడు సంస్థానములు గలవు. వీని కధిపతి డెన్మార్కురాజే యైనను, తుది రెండును జర్మనుసమాఖ్యలోఁ జేరినవి. శ్లేస్విగులో నుత్తరభాగమువారు డేనిషును, దక్షిణభాగమువారు జర్మనును మాటాడుచుండిరి. నడుమ రెండుభాషలును గలసియుండెను. మోన్రాడు జీవితమును మలుపు త్రిప్పినది యీ సీమయే.

బాల్యము, విద్య

మోన్రాడు 1811 వ సంవత్సరము నవంబరు 24 వ తేదిని గోపెన్‌హేగునులో జన్మించెను. తండ్రి మనోవ్యాధిచేఁ బీడితుఁడు. అందువలన బాలుఁడు బంధువులయిండ్లఁ బెరుగవలసినవాఁడయ్యెను. మోన్రాడునందుఁ గానవచ్చు నుత్సాహ విషాదముల పరస్పరపరివర్తనమునకు బీజము వంశముననే యున్నదని చరిత్రకారులు కొందఱు తలంతురు.

1830 లో నితఁడు విశ్వవిద్యాలయమును బ్రవేశించి 1836 లో మతశాస్త్రమునఁ బరీక్ష నిచ్చెను. అంతటితోఁ దనియక, సెమిటిక్‌భాషలను, పారసీభాషను నభ్యసించి 1838 లో మాజిస్టరుపట్టమును బొందెను. భారతదేశమునకును సింహళమునకును వచ్చి ప్రాచ్యభాషల నభ్యసించిన రాస్ముస్ రాస్కు ఆ విశ్వవిద్యాలయముననే యాచార్యుఁడై 1832 లో మృతుఁడయ్యెను. గ్రీకు, జర్మనిక్‌భాషల హల్లులకుఁ గల నియతసంబంధమును స్పష్టముగాఁ జూపినవారిలో రాస్కు ప్రథముఁడు. అట్టి విద్యావాతావరణమున మోన్రాడు పెరిగెను. ఆతఁడు భాషాచార్యుఁడై స్థిరపడియుండిన నాశ్చర్యము లేదు. కాని కాల మాతనిని వేఱొకత్రోవకు లాగెను.

1839 మొదలు మోన్రాడు రాజకీయవిషయములఁగూర్చి చిన్నచిన్న పత్రములను బ్రకటింపఁజొచ్చెను. పిదప ‘ఫేడ్రెలాండెట్’ అను పత్రికాసంపాదకులలో నొకఁడయ్యెను. రాజు ప్రజలతోఁ గలసి రాజ్యము సేయవలెనను జాతీయోదారపక్షమునకు నితఁడు ముఖ్యులలో నొకఁడు. ఆ రచనలు సాగుచుండఁగనే 1846 లో లోలాండుద్వీపమందలి వెస్టర్ ఉల్‌స్లెవ్ గ్రామమునకుఁ బురోహితుఁడయ్యెను. పత్రికాలయము నొకచేతను, దేవాలయము నొకచేతను బట్టినవాని రెండుచేతులకును బని గల్పించు సంవత్సరము 1848.

రాజ్యాంగరచన

ఆ సంవత్సరము యూరపంతయు నలజడి వ్యాపించెను. మార్చి నెలలోఁ గోపెన్‌హేగునుప్రజలు సభలు గూడి, ఊరేగింపుగాఁ బోయి, రాజగు ఏడవ ఫ్రెడెరికును బ్రజాపరిపాలనము నర్థించిరి. అప్పు డేర్పడిన క్రొత్తమంత్రివర్గమున మోన్రాడు మతవిద్యాశాఖకు మంత్రి. నూతనరాజ్యాంగమునకుఁ జిత్తు వ్రాయుపని యాతనిపైఁ బడెను. 1814 నాఁటి నార్వేరాజ్యాంగమును, 1831 నాఁటి బెల్జియమురాజ్యాంగమును ముందుంచుకొని యాతఁ డా చిత్తును గూర్చెను. భాషను మెఱుఁగుపెట్టినవాఁ డోర్లా లేమాన్. మోన్రాడు మంత్రిగా నుండినది కొలఁదినెలలే. నవంబరులో నామంత్రివర్గము రాజీనామా యిచ్చెను. కాని చిత్తు నిలిచెను. సభ దానిని సవరించి 119 మంది సమ్మతితో, నలుగురి విసమ్మతితో నంగీకరింపఁగా, 1849 వ సంవత్సరము జూను 5 వ తేదిని రాజు సంతకము చేసెను. డేనులు నేఁటికిని జూను 5 వ తేదిని రాజ్యాంగదినముగాఁ బాటించుచున్నారు.

ఆ రాజ్యాంగము రెండుసభలను, పత్రికాస్వాతంత్ర్యమును, మతస్వాతంత్ర్యమును నొసఁగెను. ఓటు ముప్పదియేండ్లు నిండి, స్వంతకాఁపురముగల పురుషులకే. స్త్రీలకును సేవకులకును నది దొరకలేదు; ఆ కొఱత 1915 వఱకుఁ దీఱలేదు. అయినను, నూటయెనుబదియేండ్లకుఁ బైగా నొక్కనియిచ్ఛచే నడచిన రాజ్యము రక్తపాతములేకయే యీ దశకు వచ్చుట సామాన్యము కాదు.

ఇందు వైయాకరణుల మనస్సు నాకర్షించునది యొక్క సమాసము. లూథరుమతసంఘము డేనుల ‘ఫోల్కెకిర్కె’ యనియు, అట్లగుటచేతనే రాజ్యము దానిని బోషించుననియు రాజ్యాంగము చెప్పుచున్నది. అంతకుముం దది రాజుయొక్క మతము. ‘ఫోల్క్’ అనఁగా బ్రజ. ‘కిర్కె’ యను పదము గ్రీకుభాషలోని ‘కురియకొన్’ అను దానినుండి వచ్చినది. ‘కురియొస్’ అనఁగాఁ బ్రభువు. దానిపై ‘ఇది వానిది’ అను నర్థమునఁ దద్ధితప్రత్యయము చేరఁగాఁ ‘బ్రభువుది’ యని యర్థము. ఫోల్కెకిర్కె యనుటలో షష్ఠీతత్పురుషము గలదు. కావున సమాసమంతయుఁ ‘బ్రజలయొక్క ప్రభుసంబంధియగు మందిరము’ అని విగ్రహింపఁబడును. ఒక్క వస్తువునకు నిద్దఱు స్వాములు! తద్ధితము దేవునిఁ జూపుచున్నది. షష్ఠి ప్రజలఁ జూపుచున్నది. నడుమనున్న రాజు మాత్రము సమాసమున లోపించినాఁడు. శతాబ్దములుగా రాజునకుఁ జెందిన దానిని, మతమునకు భంగము రాకుండ, ఒక్క సమాసముచేఁ బ్రజలపరము గావించిరి.

అయితే యీ సమాసమును వివరించు వాక్యము వెలువడలేదు. సంఘముయొక్క వ్యవస్థ చట్టముచే నేర్పఱుపఁబడునని రాజ్యాంగమునఁ బ్రతిజ్ఞ చేసిరి. ఆ ప్రతిజ్ఞ 1953 నాఁటి రాజ్యాంగములోను నట్లే నిలిచినది. సంఘమునకుఁ బ్రత్యేకవ్యవస్థ మాత్రము నేఁటివఱకు నేర్పడలేదు. ప్రజాప్రతినిధులసభయు మంత్రియు నా సంఘమును జూచుకొనుచునేయున్నారు.

పీఠప్రాప్తి, పీఠభ్రంశము

1849 లో మోన్రాడు లోలాండు–ఫాల్‌స్టర్ ద్వీపముల మండలమునకు బిషప్పయ్యెను. పీఠమెక్కినను రాజకీయములను విడువలేదు. రాజ్యాంగముచే నీఁబడిన యధికారములను దగ్గింపఁజూచిన ఎర్‌స్టెడ్ మంత్రివర్గమును బ్రతిఘటించెను. అందులకు ఫలముగా 1854 లో బిషప్పుపదవినుండి తొలఁగింపఁబడెను. తాను వ్రాసిన రాజ్యాంగమునకై తన పీఠమును గోల్పోయిన యీ సందర్భమున మోన్రాడుయొక్క ధర్మమునకును రాజనీతికిని విరోధమేమియుఁ గానరాదు. వచ్చినకష్టము తనకే, దాని వెల తానే యిచ్చెను. పిదప విద్యాశాఖలో నున్నతోద్యోగియై, 1859 లో మరల మంత్రియయ్యెను. బిషప్పుపదవి పోయినను, ప్రజలు మాత్ర మాతనిని బిషప్ మోన్రాడనియే వ్యవహరించుచుండిరి.

1864

1863 నవంబరు 15 వ తేదిని ఏడవ ఫ్రెడెరికు సంతానహీనుఁడై మృతినొందెను. తొమ్మిదవ క్రిస్టియను రాజై, మూఁడుదినములకే శ్లేస్విగును డెన్మార్కుతో మఱింత గట్టిగా ముడివేయు రాజ్యాంగముపై సంతకము చేసెను. అది 1851–52 సంవత్సరములలో డెన్మార్కు జర్మనురాజ్యముల కిచ్చిన మాటకు విరుద్ధము. ప్రష్యామంత్రియగు బిస్మార్కు దీనికొఱకే కాచియుండెను. హాల్ అను ప్రధానమంత్రి రాజీనామా యిచ్చెను. ఇతరులు వెనుదీసిన యా కాలమున, డిసెంబరు 31 వ తేదిని, మోన్రాడు ప్రధానమంత్రిపదవిని స్వీకరించెను.

1864 ఫిబ్రవరి 1 వ తేదిని ప్రష్యా, ఆస్ట్రియాసైన్యములు శ్లేస్విగును జొచ్చెను. డేనులు తమ ప్రాచీనదుర్గమగు డానెవిర్కెను దుర్భేద్యమని నమ్మియుండిరి. అది యొక నగరదుర్గము గాదు. దేశమున కడ్డముగాఁ గట్టిన మట్టికట్ట. సేనానియగు డె మెజా దానిని నిలుపుకొన నసాధ్యమని యెఱిఁగి ఫిబ్రవరి 5 వ తేదిరాత్రి సైన్యమును వెనుకకుఁ దీసెను. ప్రజ లాగ్రహింప, ప్రభుత్వ మాతనిని దొలఁగించెను. పిదప డ్యుబ్బెల్ అనుచోట సైన్యము నిలిచెను. అచటినుండియు వెనుదీయుట మేలని సేనాని తలఁపఁగా, నిలువవలసినదే యని మంత్రివర్గ మాజ్ఞాపించెను. ఏప్రిలు 18 వ తేదిని ప్రష్యనులు డ్యుబ్బెలును గెలుచుకొనిరి. ఆ యొక్కదినముననే 4,000 కంటె నెక్కువమంది డేనులు చచ్చియో గాయపడియో చెఱవడియో పోయిరి.

ఈలోపల లండనునగరమున సంధిసభ గూడెను. ఏప్రిలు 25 మొదలు జూను 25 వఱకు నది సాగెను. శ్లేస్విగును భాష ననుసరించి రెండుగా విభజింపవలెనను సూచన వచ్చెను. గీత యెచ్చట గీయవలయు నను దానిపై నిరుపక్షములకును బొసఁగలేదు. డేనులు దక్షిణమున నుండవలెననిరి. ప్రష్యనులు బహుదూర ముత్తరమునకు జరుపఁజూచిరి. మధ్యవర్తినిర్ణయమునకు విడువుఁడని యాంగ్లేయులు చెప్పిరి. డెన్మార్కు దాని నిరాకరించెను. సభ విఫలమయ్యెను. నాలుగుదినములకే ఆల్స్ ద్వీపము పోయెను. జూలై నెలలో రాజు మోన్రాడును దొలఁగించెను. అక్టోబరు 30 వ తేదిని వియన్నాసంధిచే మూఁడుసంస్థానములును డెన్మార్కు చేయిజాఱెను. రాజ్యమున నించుమించు నైదింట రెండువంతులు పోయెను.

దోషవిచారము

ఇందు మోన్రాడుదోష మెంత? పూర్వపక్షము లిట్లున్నవి. సేనాను లొల్లరన్నచోట సైన్యమును నిలిపెను. సంధికిఁ దగిన సమయమున సంధి చేసికొనలేదు. నిర్ణయింపవలసినదినమున రాజునకు స్పష్టమైన సలహా నొసఁగక భారము రాజుపైఁ ద్రోసెను. తాను సమాసములోనుండి తీసివేసిన రాజునే కష్టకాలమున మరలఁ దెచ్చి వాక్యమునకుఁ గర్తగాఁ గూర్చుండఁబెట్టెను.

దీనికి సమాధానముగాఁ జెప్పఁదగిన దొకటి గలదు. విరుద్ధరాజ్యాంగమును జేసినది హాల్ మంత్రివర్గము. మోన్రా డందు మంత్రియైనను బ్రధానుఁడు గాఁడు. ప్రజలయావేశ మానాఁడు సంధిమాట యెత్తనిచ్చునది కాదు. ఇంగ్లండు సాయమునకు వచ్చునను నాశ దేశమంతటను నుండెను. ఒకఁడు చేసిన యప్పునకు వేఱొకఁడు పూటపడిన ట్లాతఁడు పదవిని దలకెత్తుకొనెను.

కాని యీ సమాధానము పూర్ణముగా నిలువదు. పూటపడినవాఁడు ఋణమును దీర్చు నుపాయ మెఱిఁగియుండవలె. 1854 లో మోన్రాడు తనపట్టుదలకుఁ దన పీఠమునే వెలగా నిచ్చెను. 1864 లో నా వెలను డ్యుబ్బెల్ కందకములలోని రైతుకుమారు లిచ్చిరి. పట్టుదల యొక్కటియే, వెల యిచ్చువారు మాఱిరి. ధర్మపీఠమునుండి వచ్చినవాఁడు రాజ్యమున జాగ్రత్తపడవలసిన దిచ్చటనే. తనప్రాణముతోఁ బందెము వేయుట త్యాగమగును. పరులప్రాణములతో వేయుట త్యాగము గాదు. ఆ విభజనమే కడకు 1920 లోఁ బ్రజలయోటుచే జరిగి, శ్లేస్విగునందలి యుత్తరభాగము డెన్మార్కును జేరెను. సంధిసభలోఁ బొసఁగని గీత, ఏఁబదియాఱేండ్లకుఁ బ్రజలచేతనే గీయఁబడెను. ఆ ప్రజలను బ్రమాణముగా నిలిపిన వారిలో మోన్రాడే మొదటివాఁ డగుట విచారింపఁదగినది.

న్యూజీలాండువాసము

పదవిపోయిన మోన్రాడు 1865 లోఁ గుటుంబముతో స్వదేశమును విడిచి, మరుసటియేఁట న్యూజీలాండును జేరెను. ఉత్తరద్వీపమందలి మనవటూ నదీప్రాంతమున, నేఁటి పామర్‌స్టన్ నార్త్ నగరమునకు సమీపమున, కరెరె యనుచోట నడవిని గొని కొట్టించి, పశువులను గొఱ్ఱెలను బెంచెను. ఏఁబదియైదేండ్ల వయస్సున, శాస్త్రగ్రంథములు పట్టినచేతులతో గొడ్డలి పట్టెను. మనవారు దీనిని వానప్రస్థ మందురు. కాని వానప్రస్థము స్వేచ్ఛచే గ్రహించు నాశ్రమము; ఇది సగము ప్రాయశ్చిత్తముగాఁ దోఁచుచున్నది.

అచటను శాంతి దొరకలేదు. ఆంగ్లేయప్రభుత్వమునకును మావోరీజాతివారిలోఁ గొందఱికిని భూమికై నడచుచుండిన పోరు 1868 లోఁ దిటొకొవారు నాయకత్వమునఁ దీవ్రమై యా ప్రాంతమునకు సమీపించెను. శ్లేస్విగును విడిచివచ్చినవానికి నిచ్చటను నేల యెవరిదను వివాదమే యెదురయ్యెను. 1869 లో మోన్రాడు స్వదేశమునకు బయలుదేఱెను. కుమారులు మాత్ర మచ్చటనే నిలిచిరి. పోవునపుడు తాను గూర్చుకొనిన చిత్రముద్రణముల నించుమించు 600 వెల్లింగ్టనులోని మ్యూజియమున కొసఁగెను. రెంబ్రాంటు, డ్యూరరు మొదలగు మహాశిల్పుల కృతులు వానిలోఁ గలవు. అవి నేఁడు ‘టె పాపా’ యను జాతీయమ్యూజియమునఁ గలవు.

ఇంకొక విశేషము. 1871 మొదలు డెన్మార్కు, నార్వే, స్వీడనులనుండి కాఁపులు న్యూజీలాండునకు వలసవచ్చిరి. 1872 లో వారు స్థాపించిన యొక యూరికి ‘డానెవిర్కె’ యని పేరు పెట్టిరి. మోన్రాడు మంత్రిత్వమున విడువఁబడిన కట్టపేరే, మోన్రాడు వలసవచ్చిన ద్వీపమున నూరై వెలసెను.

పునఃప్రాప్తి

స్వదేశమున మోన్రాడు తొలుత నొక గ్రామమునకుఁ బురోహితుఁడై, 1871 లో మరల లోలాండు–ఫాల్‌స్టర్ మండలమునకే బిషప్పయ్యెను. 1876 లోఁ బ్రకటింపఁబడిన ప్రార్థనావిషయకమగు నాతనిగ్రంథము పరభాషలలోనికిని బరివర్తింపఁబడెను. కాని రాజకీయములయం దభిరుచి చావలేదు. ‘రాజకీయలేఖలు’ అను పేర వ్యాసములను వ్రాసెను. 1882 మొదలు 1886 వఱకు మరలఁ బ్రజాప్రతినిధియై సభలోఁ గూర్చుండెను. 1887 మార్చి 28 వ తేదిని న్యుకోబింగ్ నగరమునఁ దనువు చాలించెను.

ఉపసంహారము

మొదట నడిగిన ప్రశ్నకు నిఁక సమాధానము చెప్పవచ్చును. ధర్మాధ్యక్షుఁడు మంత్రి గారాదను నియమమును మోన్రాడు చరిత్రము స్థాపింపదు. ఆతఁడు మంత్రియై చేసిన ప్రథమకార్యము 1849 నాఁటి రాజ్యాంగము, అది సర్వశ్లాఘ్యము. మంత్రి కావచ్చు నను విధినిగూడ నది స్థాపింపదు; 1864 అడ్డువచ్చుచున్నది. అది స్థాపించున దింతమాత్రమే: శబ్దములను గూర్చుటలో సమర్థుఁడైనవాఁడు సైన్యములను గూర్చుటలో సమర్థుఁడు గావలెనను నియమము లేదు, ఒకదానియం దోడుట రెండవదానిని రద్దుచేయదు. వ్యాకరణమున నుత్సర్గమునకు నపవాద మున్నను నుత్సర్గము చెడదు, తన విషయమున నది నిలుచును. డ్యుబ్బెలులోఁ బోయినప్రాణములు మోన్రాడు లెక్కలో నుండవలసినవే. ప్రజలను షష్ఠీవిభక్తిలో నిలిపిన యా సమాసమును నాతని లెక్కలో నుండవలసినదే. చరిత్రకారుఁడు రెంటినిఁ గూడ వ్రాసి, ఒకదానితో నొకదానిని గొట్టివేయక యుంచుట న్యాయము.